ఫాదర్ కారు ఎవరి పేరు మీద ఉంది? గురువుల జీవనం, విచారణ పైసలు, శ్రీసభ చట్టం

పత్తి ఏరిన కూలిలోంచి ఇరవై రూపాయలు తీసి ఆదివారం కానుక సంచిలో వేసిన మనిషి, పూజ అయ్యాక బయటికొచ్చి ఫాదర్ ఉండే బంగళా ముందు ఆగి ఉన్న కొత్త పెద్ద కారును చూస్తాడు. మనసులో ఒక మాట మెదులుతుంది కానీ పైకి అనడు. ఇంటికి పోయే దారిలో పక్కవాడి చెవిలో వేస్తాడు. దేవరకొండ నుంచి కోదాడ దాకా, ఇటు పాలమూరు వైపు కూడా, కథోలిక విచారణల్లో (విచారణ అంటే ఒక ఫాదర్ కింద ఉండే గుడి, ఊళ్లు, పారిష్) గురువుల, అంటే ఫాదర్ల, జీవనం గురించిన మాటలు చాలావరకు ఇలా గుసగుసగానే నడుస్తాయి. దీనివల్ల నిరాడంబరంగా బతికే గురువు మీద కూడా అకారణంగా మచ్చ పడుతుంది. నిజంగా విచారణ పైసలు సొంతానికి వాడుకున్న వ్యక్తి మాత్రం ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పకుండా బదిలీ అయి వెళ్లిపోతారు.

గుసగుస మాని సూటిగా అడగాలంటే మూడు సంగతులు తెలిసి ఉండాలి. ఫాదర్ పేదరిక వ్రతం పట్టారా లేదా? ఆయన చేతిమీదుగా పోయే డబ్బు ఏయే దారుల్లో వస్తుంది? అందులో ఆయన సొంతం ఏది, విచారణది ఏది?

వ్రతం పట్టినవారు, పట్టనివారు

మొదటి చిక్కుముడి ఇక్కడే ఉంది. తెల్ల అంగీ వేసుకున్న ప్రతి గురువూ పేదరిక వ్రతం పట్టినవారేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మఠవాస సభలకు చెందిన గురువులు, సిస్టర్లు పేదరికం, కన్యత్వం, విధేయత అనే మూడు వ్రతాలు పడతారు. మేత్రాసన (ఒక బిషప్ కింది ప్రాంతపు) గురువులు, అంటే నేరుగా బిషప్‌గారి కింద పనిచేసేవారు, బ్రహ్మచర్యానికీ విధేయతకూ మాట ఇస్తారు తప్ప పేదరిక వ్రతం పట్టరు. వారికి సొంత బ్యాంకు ఖాతా ఉండొచ్చు, తాతల నాటి ఎకరం పొలం పేరు మీద ఉండొచ్చు, తల్లికి మందుల ఖర్చు పంపొచ్చు. అందులో ఏ తప్పూ లేదు.

అలాగని వారికి హద్దు లేదని కాదు. 1983 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) చట్టంలో 282వ నియమం అందరు గురువులకూ వర్తిస్తుంది. గురువులు సాదా జీవితాన్ని అలవరచుకోవాలి, డాబుసరిగా కనిపించే వాటన్నిటికీ దూరంగా ఉండాలి, తమ పదవి ద్వారా వచ్చిన దాంట్లో గౌరవంగా బతకడానికి సరిపోను ఉంచుకుని మిగిలింది శ్రీసభ మేలుకూ పేదల సాయానికీ వాడాలి. 286వ నియమం అనుమతి లేకుండా వ్యాపారం చేయొద్దంటుంది. 285వ నియమం పై అధికారిని సంప్రదించకుండా ఎవరికీ జామీను ఉండొద్దని, అనుమతి లేకుండా బయటివాళ్ల ఆస్తుల నిర్వహణ నెత్తిన వేసుకోవద్దని చెబుతుంది. రియల్ ఎస్టేట్ వెంచర్లలో ప్లాట్లు తిప్పే గురువు ఎక్కడైనా ఉంటే, పేదరిక వ్రతం పట్టకపోయినా, ఆయన ఈ నియమాలను దాటినట్టే. 2021 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త శిక్షా నియమాల్లో గురువుల ఆర్థిక నేరాలకు, ఆస్తుల నిర్వహణలో ఘోర నిర్లక్ష్యానికి శిక్షలు మరింత స్పష్టంగా రాశారు.

ప్రపంచ కథోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లో గురువుల జీవితం గురించి వెలువరించిన పత్రంలో ఇంటి విషయం ఉంది. గురువు ఇల్లు ఎవరికీ తలుపు మూసినట్టు అనిపించకూడదు, ఎంత చిన్నవాడైనా లోపలికి రావడానికి జంకకూడదు అని ఆ పత్రం భావం. బంగళా ఎంత ఖరీదైనదని కొలిచేకంటే ఈ కొలబద్ద మంచిది. చెప్పులు విడిచి వరండాలోనే నిలబడిపోయే ముసలవ్వ ఆ ఇంట్లో కుర్చీ మీద కూర్చోగలుగుతుందా? అదే ఏడాది నవంబర్ 16న సుమారు నలభై మంది బిషప్పులు రోములో దొమితిల్లా భూగర్భ సమాధుల్లో పూజ చేసి ఒక ఒప్పందం రాసుకున్నారు. ఇల్లు, తిండి, ప్రయాణం మామూలు జనంలాగే ఉంచుకుంటామని, సొంత పేరు మీద ఆస్తులు, బ్యాంకు ఖాతాలు పెట్టుకోమని, గొప్పతనాన్ని సూచించే బిరుదులతో పిలిపించుకోమని మాట ఇచ్చుకున్నారు. అది చట్టం కాదు, స్వచ్ఛందంగా ఇచ్చుకున్న మాట. అయినా బిషప్పులే అలా అనుకున్నారన్న సంగతి మన దగ్గర ప్రతి విశ్వాసికీ తెలిసి ఉండాలి.

దొరగారి బంగళా నుంచి నేటి దాకా

మిలాన్ నుంచి వచ్చిన పిమే సభ మిషనరీలు 1855 నుంచి హైదరాబాద్ మిషన్‌లో పనిచేశారు. 1976లో నల్లగొండ మేత్రాసనం విడిగా ఏర్పడింది.  విదేశీ మిషనరీల కాలంలో గుడి, బడి, దవాఖాన, హాస్టల్ కట్టిన డబ్బులో పెద్ద భాగం ఐరోపా విశ్వాసుల నుంచి వచ్చింది. అప్పుడు బంగళా అంటే పైసలు ఊళ్లోకి వచ్చే చోటు. ఫాదర్ ఎలా బతుకుతున్నారని అడగాల్సిన అవసరం ఊరికి తోచలేదు, అడిగే ధైర్యమూ లేదు.

ఇప్పుడు ఆ ప్రవాహం దిశ మారింది. ఇంగ్లిష్ మీడియం బడి ఫీజులు, పూజ కానుకలు, పంట కానుకలు, పండుగ చందాలు అన్నీ ఊరి జేబులోంచే పోతున్నాయి. మన విచారణల్లో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా ఎస్సీ హోదా దక్కక, బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకుంటున్న కుటుంబాలు. వారు ఇచ్చే పది రూపాయల బరువు వేరు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మారింది కానీ లెక్క చెప్పే అలవాటు మాత్రం పాత కాలంలోనే ఆగిపోయింది. కారు చూస్తే కలిగే అసహనానికి మూలం అక్కడే ఉంది.

పూజ కానుక లెక్క

ఎక్కువగా తెలియక జరిగే పొరపాట్లు ఇందులోనే ఉంటాయి కనుక కొంచెం నిదానంగా చూద్దాం. పూజ కానుక ఎంత ఉండాలో ఆ ప్రాంత బిషప్పులు కలిసి నిర్ణయిస్తారు. లెక్క కోసం 200 రూపాయలు అనుకుందాం. ఆదివారం ఉదయం పూజకు 15 మంది తమ ఉద్దేశాలు (ఎవరి కోసం, దేని కోసం పూజ చెప్పాలో) రాయించి కానుక ఇచ్చారు. మొత్తం 3,000. ఈ మూడు వేలూ ఫాదర్‌వి అని ఇచ్చినవాళ్లూ అనుకుంటారు, కొన్నిచోట్ల తీసుకున్నవారూ అనుకుంటారు.

చట్టం అలా చెప్పదు. 948వ నియమం ప్రకారం విడివిడిగా ఇచ్చిన ప్రతి కానుకకూ విడిగా ఒక పూజ చెప్పాలి. అంటే 15 పూజలు. అన్నీ తాను చెప్పలేకపోతే ఇచ్చినవారి ఇష్టానికి భంగం లేకుండా వేరే గురువులకు డబ్బుతో సహా అప్పగించాలి. ఏడాదిలోపు తీర్చగలిగినన్ని ఉద్దేశాలే తీసుకోవాలి. ఒకే రోజు రెండు మూడు ఊళ్లలో పూజ చెప్పినా గురువు ఉంచుకోగలిగింది ఒక్క కానుకే. మిగిలిన పూజల కానుక బిషప్‌గారు నిర్దేశించిన పనికి పోవాలి. క్రిస్మస్ రోజు మాత్రమే దీనికి మినహాయింపు.

మరి ఒకే పూజలో పదిహేను పేర్లు చదువుతారు కదా? దాన్ని ఉమ్మడి ఉద్దేశం అంటారు. 1991లో రోము (వాటికన్) దీనికి గట్టి షరతులు పెట్టింది. 2025 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదేశం ఆ ప్రాంత బిషప్పుల సమావేశానికి దీన్ని అనుమతించే అధికారం ఇచ్చింది. అప్పుడు కూడా కానుక ఇచ్చినవారికి ముందే చెప్పి వారి ఒప్పుదల తీసుకోవాలి. ఎన్ని పేర్లు చదివినా గురువుకు దక్కేది ఒక్క కానుక మాత్రమే. మన లెక్కలో 200 ఆయనవి, 2,800 ఆయనవి కావు.

నవంబర్‌లో ఇది పెద్ద మొత్తం అవుతుంది. సమస్త మృతుల పండుగకు ఇంటింటికీ కవర్లు పంచుతారు, చనిపోయినవారి పేర్లు రాసి డబ్బు పెట్టి ఇస్తారు. 300 కవర్లలో తలా వంద ఉన్నా 30,000. నవంబర్ 2న గురువు మూడు పూజలు చెప్పినా సొంతానికి ఉంచుకోవలసింది ఒక్క కానుకే. ఆ కవర్లు ఎవరి ముందు విప్పారు, ఎవరు లెక్కపెట్టారు, ఏ పుస్తకంలో రాశారు అన్నదే అసలు ప్రశ్న. 958వ నియమం ప్రకారం ప్రతి గుడిలో పూజ కానుకల రిజిస్టర్ ఉండాలి. అందులో ఎన్ని పూజలు, ఏ ఉద్దేశం, ఎంత కానుక, ఎప్పుడు చెప్పారు అన్న నాలుగూ నమోదు కావాలి. బిషప్‌గారు స్వయంగా గానీ మరొకరి ద్వారా గానీ దాన్ని ఏటా చూడాలి. ఈ రిజిస్టర్ సరిగా ఉన్న విచారణలో మిగతా లెక్కలు కూడా చాలావరకు సరిగానే ఉంటాయి.

ఇంకో మాట మరచిపోకూడదు. పేదరికం కారణంగా ఎవరికీ జ్ఞానస్నానం, పెళ్లి లాంటి సంస్కారాలు దక్కకుండా పోకూడదని 848వ నియమం చెబుతుంది. కానుక లేకపోయినా పేదల ఉద్దేశం కోసం పూజ చెప్పమని 945వ నియమం గట్టిగా సిఫారసు చేస్తుంది. బాకీ చందా కట్టందే పెళ్లికి ఉత్తరం ఇవ్వమని ఎవరైనా అంటే, అది చట్టం మాట కాదు.

బడి డబ్బు, విదేశీ డబ్బు

చాలా చోట్ల ఒకే గురువు విచారణకర్తగా (పారిష్ పెద్దగా), బడి కరస్పాండెంట్‌గా, హాస్టల్ డైరెక్టర్‌గా మూడు కుర్చీల్లో కూర్చుంటారు. మూడు ఖాతాలకూ ఒకే సంతకం. సొంత డబ్బుకూ సంస్థ డబ్బుకూ మధ్య గోడ కూలేది ఇక్కడే, తరచూ దురుద్దేశం లేకుండానే. హాస్టల్ బియ్యానికి గుడి డబ్బు అప్పు, గుడి పెయింటుకు బడి డబ్బు అప్పు, ఊరికి పోయేటప్పుడు డీజిల్‌కు ఏ డ్రాయర్‌లో ఉంటే అందులోంచి. ఆరు నెలలకు ఎవరికి ఎంత బాకీయో ఫాదర్‌కే గుర్తుండదు. ఆదాయపు పన్ను చట్టం కూడా ఈ విషయంలో గట్టిగానే ఉంది. పన్ను మినహాయింపు పొందే ట్రస్టు లేదా సొసైటీ తన ఆదాయాన్ని నిర్వాహకుల సొంత ప్రయోజనానికి వాడితే ఆ మినహాయింపుకే ముప్పు వస్తుంది. మందు సులువే: మూడు ఖాతాలు, మూడు క్యాష్ బుక్కులు, ప్రతి చెక్కు మీద రెండు సంతకాలు, అందులో ఒకటి గురువు కాని వ్యక్తిది.

ఎయిడెడ్ బడుల్లో జీతం తీసుకునే గురువులు, సిస్టర్ల సంగతి వేరు. మఠవాసులైతే ఆ జీతం తమ చేతికి రాదు, సభకే పోతుంది. వారు సంపాదించింది సభదేనని 668వ నియమం. అందుకని పన్ను కోత వద్దని తమిళనాడు, కేరళ సంస్థలు కోర్టుకెళ్లాయి. జీతం వ్యక్తి పేరు మీద వస్తున్నప్పుడు మూలంలో పన్ను కోత తప్పదని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. సిస్టర్ పేరు మీద యాభై వేల జీతం కనిపించినంత మాత్రాన అది ఆమె సంపద కాదని ఊరివాళ్లూ గుర్తుంచుకోవాలి.

విదేశాల నుంచి వచ్చే సాయం మరో దారి. జర్మనీలోనో ఇటలీలోనో కొంతకాలం విచారణ పని చేసి వచ్చిన గురువులకు అక్కడ పరిచయాలు ఏర్పడతాయి. నీళ్ల ట్యాంకుకనో, గుడి కప్పుకనో వారు డబ్బు పంపుతారు. ఆ సొమ్ము ఫాదర్ సొంత ఖాతాలోకి వస్తే రెండు తప్పులు జరుగుతాయి. మొదటిది, మత, సేవా కార్యక్రమాలకు విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత అది ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి, ఒక సంస్థ మరో సంస్థకు బదలాయించకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. రెండోది, శ్రీసభ చట్టం 1267వ నియమం: ఫలానా పనికని ఇచ్చిన డబ్బు ఆ పనికే వాడాలి, పదవిలో ఉన్నవారికి ఇచ్చింది వేరే రుజువు లేకపోతే సంస్థకు ఇచ్చినట్టే లెక్క. గురుత్వ రజతోత్సవానికి వచ్చే ఉంగరాలు, కవర్లు కొన్ని నిజంగానే వ్యక్తిగత కానుకలు కావచ్చు. 'విచారణ అభివృద్ధికి' అని రాసిన కవరు మాత్రం కాదు.

కారు, ఏసీ, బంగళా

ఇక కారు దగ్గరికి వద్దాం. నల్లమల అంచు మండలాల్లోనో దేవరకొండ చుట్టుపక్కల తండాల్లోనో ఒక విచారణ కింద పది పన్నెండు ఊళ్లుంటే, రాత్రి పదింటికి అవస్థలో ఉన్న మనిషికి అంత్య అభ్యంగనం (చివరి గడియల్లో నూనె పూసి చేసే ప్రార్థన) ఇవ్వాల్సి వస్తే, బండి విలాసం కాదు. మే నెల 45 డిగ్రీల ఎండలో పడకగదిలో ఏసీ ఉండటాన్ని తప్పుపట్టడం కూడా సబబు కాదు. ఊళ్లో టీచర్ ఇంట్లో, ఆర్ఎంపీ ఇంట్లో ఉన్న సౌకర్యం ఫాదర్‌కు ఉంటే అభ్యంతరం ఎందుకు? వస్తువు ధర ఒక్కటే చూస్తే తీర్పు తప్పుతుంది. అడగాల్సినవి ఇవి: ఆర్‌సీ పుస్తకం ఎవరి పేరు మీద ఉంది? కొన్న డబ్బు ఏ ఖాతాలోంచి పోయింది, దానికి తీర్మానం ఉందా? నెల డీజిల్‌లో విచారణ పని ఎంత, సొంత ప్రయాణం ఎంత? పురిటి నొప్పుల మనిషిని దవాఖానకు తీసుకుపోవడానికి ఆ బండి దొరుకుతుందా? ఫాదర్ బదిలీ అయితే బండి ఇక్కడే ఉంటుందా, ఆయనతో పోతుందా? చివరి ప్రశ్నకు జవాబు వస్తే మిగతావి దాదాపు తేలిపోతాయి.

2013 జులైలో గురువిద్యార్థులతో మాట్లాడుతూ ఫ్రాన్సిస్ పాపుగారు (పోప్), గురువు గానీ సిస్టర్ గానీ సరికొత్త మోడల్ కారులో కనిపిస్తే తనకు బాధ కలుగుతుందని అన్నారు. కారు అవసరమేనని, సాదాసీదాది ఎంచుకోమని కూడా అన్నారు. ఆయన పాపుల రాజభవనంలో కాకుండా సాంతా మార్తా అతిథి గృహంలోనే 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా ఉన్నారు.

ఆ 2013లోనే జర్మనీలోని లింబర్గ్ బిషప్ నివాస సముదాయం సంగతి బయటపడింది. ఖర్చు 3 కోట్ల 10 లక్షల యూరోలు. ఆయన్ని పదవికి దూరంగా ఉంచి, 2014 మార్చిలో రాజీనామా ఆమోదించారు. స్నానాల తొట్టి ఖరీదు గురించి పత్రికలు ఎక్కువ రాశాయి కానీ, మనం నేర్చుకోవాల్సింది దర్యాప్తు నివేదికలో ఉంది. పెద్ద పనిని ముక్కలుగా విడగొట్టి చూపడం వల్ల పై అనుమతి అవసరమైన పరిమితి తప్పిపోయింది. చూడాల్సిన మండలి చూడలేదు. మన దగ్గర కాంపౌండ్ వాల్, బంగళా పైఅంతస్తు, టైల్స్, ఫర్నిచర్ అని నాలుగు బిల్లులుగా వచ్చే పని కూడా ఇదే దారి. మామూలు నిర్వహణను మించిన ఖర్చుకు మేత్రాసనం రాతపూర్వక అనుమతి కావాలి. అంచనా మొత్తం ఒకే కాగితం మీద అడగండి.

లెక్క ఎలా అడగాలి

ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండి తీరాలని 537వ నియమం. పారిష్ కౌన్సిల్ వేరు, ఇది వేరు. సభ్యులుగా ఫాదర్ మాటకు తలూపేవాళ్లను కాకుండా, లెక్కలు రాయగలిగినవాళ్లను పెట్టాలి: రిటైరైన టీచర్, బ్యాంకులో పనిచేసినవారు, పొదుపు సంఘం పుస్తకాలు రాసే ఆడమనిషి. పొదుపు సంఘాల్లో ఇరవై ఏళ్లుగా రూపాయి రూపాయికీ లెక్క రాస్తున్న స్త్రీలు ప్రతి ఊళ్లో ఉన్నారు, విచారణలో వారిని మాత్రం పిలవరు. ఇది పెద్ద లోపం.

కానుకలు గుడిలోనే, పూజ అయిన వెంటనే, కనీసం ఇద్దరు లెక్కపెట్టి సంతకం చేయాలి. సోమవారం బ్యాంకులో కట్టాలి. బంగళాలోకి పోయాక లెక్కపెట్టిన డబ్బుకు సాక్ష్యం ఉండదు. 1287వ నియమం రెండు పనులు చెబుతుంది: ఏటా బిషప్‌గారికి లెక్క సమర్పించాలి, విశ్వాసులు ఇచ్చిన కానుకల గురించి స్థానిక నియమాల ప్రకారం విశ్వాసులకూ లెక్క చెప్పాలి. కనుక అడగడం ధిక్కారం కాదు. తమ అవసరాలు, అభిప్రాయాలు గురువులకు తెలియజేసే హక్కు 212వ నియమం ఇచ్చిందే. ముందు ఆర్థిక మండలి ద్వారా అడగాలి. జవాబు లేకపోతే పది మంది సంతకాలతో, తేదీ వేసి, వేరెవరినీ దూషించకుండా, ఏ సంవత్సరపు ఏ లెక్క కావాలో రాసి విచారణకర్తకు ఇవ్వాలి, నకలు బిషప్ హౌస్‌లో లెక్కలు చూసే ప్రొక్యూరేటర్‌కు పంపి రసీదు తీసుకోవాలి. వాట్సాప్‌లో కారు ఫొటో తిప్పితే లెక్క రాదు, ఊరు రెండుగా చీలుతుంది. పైగా అందులో కులం మాట కలిసిందంటే అసలు విషయం పక్కకు పోతుంది.

లెక్క చేతికొచ్చాక ముందు ఒక్క పద్దు చూడండి: ఉపదేశి (ఊళ్లో ప్రార్థన నడిపి, మతబోధ చేసే గృహస్థుడు) జీతం. తండాకు సైకిల్ మీద పోయి ప్రార్థన నడిపేది, సావు దగ్గర ముందు నిలబడేది ఆయనే. సంస్థ పనివాళ్లకు న్యాయమైన జీతం ఇవ్వాలని 1286వ నియమం, శ్రీసభ సేవలో ఉన్న గృహస్థులకు కుటుంబం గడిచేంత ప్రతిఫలం హక్కు అని 231వ నియమం. బంగళా కరెంటు బిల్లు ఉపదేశి నెల జీతాన్ని మించితే, ఆ విచారణలో సాదా జీవనం గురించి మాట్లాడటానికి అదే మొదటి అంశం.

విశ్వాసుల వైపు నుంచి కూడా ఒత్తిడి ఉంటుంది. 'పక్క విచారణ ఫాదర్‌కు ఇన్నోవా ఉంది, మన ఫాదర్ బైకు మీదనా' అని పరువుకు పోయి చందా ఎత్తేది ఊరివాళ్లే. గురుపట్టాభిషేకానికి (కొత్తగా గురువు అయ్యే రోజుకు) ఫ్లెక్సీలు, గజమాలలు, వెయ్యి మందికి మటన్ భోజనాలు పెట్టేది కూడా ఊరే. గురువుల్లో చాలామంది కూలి కుటుంబాల నుంచి వచ్చినవారు. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది వారే. చెల్లెలి పెళ్లికి, అన్న కొడుకు ఫీజుకు ఆ ఇల్లంతా ఆయన వైపే చూస్తుంది. మేత్రాసనం ఇచ్చే నెలసరి భృతి, వైద్యం, వృద్ధాప్య ఆశ్రయం సరిపోను లేకపోతే ఆ ఒత్తిడి కానుక కవర్ల మీద పడుతుంది. గురువుల పోషణకు ప్రతి మేత్రాసనంలో ప్రత్యేక నిధి ఉండాలని 1274వ నియమం చెప్పింది అందుకే. విచారణ ఆ నిధికి పంపాల్సిన వాటా సకాలంలో పంపుతోందా అని కూడా అదే లెక్కలో చూడాలి.

బదిలీ రోజు ఇంకొక పని ఉంది. వీడ్కోలు సభ, శాలువాల హడావిడిలో చాలాచోట్ల అది జరగదు. నిర్వహణ చేపట్టేవారు ముందుగా ఆస్తుల జాబితా సరిచూసి సంతకం చేయాలని, ఒక ప్రతి విచారణలో, ఒక ప్రతి బిషప్ హౌస్‌లో ఉండాలని 1283వ నియమం. పాత్రలు, పీఠ వస్త్రాలు, ఇన్వర్టర్, ఫ్రిజ్, మోటారు, గ్యాస్ సిలిండర్లు, పొలం పాస్‌పుస్తకాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, బండి ఆర్‌సీ, కిరాణా కొట్టు బాకీ, ఉపదేశికి ఇవ్వాల్సిన జీతం అన్నీ అందులో రావాలి. ఆర్థిక మండలి సభ్యులిద్దరు పక్కన నిలబడి రాయించాలి. పూజ కానుకల రిజిస్టర్‌లో డబ్బు తీసుకుని ఇంకా చెప్పని పూజలు ఎన్ని మిగిలాయో, వాటి సొమ్ము ఎక్కడుందో కూడా అదే జాబితాలో, కొత్త ఫాదర్ సంతకానికి పైన, అంకెల్లో రాయించాలి.